పెంపుడు కుక్కల్లో తీవ్ర ఉదర వ్యాధులు: బళ్లారి సరిహద్దు ప్రాంతం

కుక్క వాంతి చేసుకున్నంత మాత్రాన జబ్బు పడ్డట్టు కాదు. గడ్డి తిని కక్కుతుంది, ఆత్రంగా మింగిన అన్నాన్ని కక్కి మళ్లీ తానే తినేస్తుంది, పరగడుపున పచ్చని పైత్యం కక్కి తోక ఊపుకుంటూ గిన్నె దగ్గరికి వస్తుంది. వాంతులు ఆగకపోయినా, వాటికి విరేచనాలు తోడైనా, మలంలో నెత్తురు పడినా, పొట్ట ఉబ్బి బిగుసుకున్నా, పిలిస్తే లేవకుండా మూలన పడుకున్నా దాన్ని తీవ్ర ఉదర వ్యాధిగా లెక్కగట్టాలి. ఈ లక్షణాల వెనక ఉండేది ఒక్క రోగం కాదు. పార్వో వైరస్, నులిపురుగులు, గొంతు దిగిన మామిడి టెంక, మెలిపడిన జీర్ణాశయం, ఎలుకల మందు, మనిషికి రాసిన నొప్పి మాత్ర, మే నెల ఎండదెబ్బ అన్నీ మొదటి కొద్ది గంటల్లో దాదాపు ఒకేలా కనబడతాయి. వీటిని విడదీసి చెప్పడం డాక్టరుకే కష్టం. అయినా ఇంట్లోవాళ్లు రోగం పేరు ఊహించే ప్రయత్నంలోనే ఒక పగలో రాత్రో పోగొడతారు. ఈ వ్యాధుల్లో చావులు చాలా వరకు ఆ జాప్యంలోంచే వస్తాయి.

ప్రాంతం

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు పాత బళ్లారి జిల్లాలోని ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రలో ఉండిపోయాయి. బళ్లారి పట్టణంతో సహా మిగిలినవి మైసూరు రాష్ట్రంలో కలిశాయి. 2021లో హోసపేట వైపు తాలూకాలతో విజయనగర జిల్లా విడిపోయాక బళ్లారి జిల్లాకు బళ్లారి, సండూరు, సిరుగుప్ప, కురుగోడు, కంప్లి తాలూకాలు మిగిలాయి. తెలుగు, కన్నడ రెండూ ఇంట్లోనే వినిపించే ఈ సీమలో పెళ్లి సంబంధాలతో పాటు కుక్కపిల్లల బేరాలు కూడా సరిహద్దు దాటుతుంటాయి. పిల్ల గుంతకల్లులో పుట్టి బళ్లారిలో పెరగవచ్చు, రాయదుర్గంలో టీకా వేయించుకోవచ్చు. అలా తిరిగేటప్పుడు మొదటి టీకా ఎప్పుడు పడింది, రెండోది పడిందా లేదా అన్న లెక్క చాలాసార్లు తప్పిపోతుంది.

పట్టణంలో లాబ్రడార్, జర్మన్ షెపర్డ్, రాట్‌వైలర్, పగ్, పొమరేనియన్ జాతులు ఎక్కువ. పల్లెల్లో గొర్రెల మందల వెంట, కళ్లాల దగ్గర నాటు కుక్కలు. ఉత్తర కర్ణాటకకు పేరు తెచ్చిన ముధోల్ వేటకుక్కను పెంచేవాళ్లూ ఉన్నారు. 2005లో భారత తపాలా శాఖ దాని బొమ్మతో బిళ్ల విడుదల చేసింది. ఎక్కువ ఇళ్లలో కుక్కకు పెట్టేది ఇంటి తిండే: జొన్నరొట్టె ముక్కలు, పెరుగన్నం, రాగి సంగటి, ఆదివారం మాంసం ఎముకలు. వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. తుంగభద్ర కాలువల కింద వరి, మిరప, పత్తి పండుతాయి కాబట్టి పురుగుల మందు డబ్బాలు, ఎలుకల మందు పొట్లాలు ఇళ్లలోనే ఉంటాయి. ఉదర వ్యాధుల గురించి మాట్లాడేటప్పుడు ఈ వివరాలన్నీ పనికొస్తాయి.

ఇంటి దగ్గర చూడాల్సినవి

పై పెదవిని ఎత్తి చిగురు చూడాలి. ఆరోగ్యంగా ఉన్న కుక్క చిగురు తడిగా, గులాబి రంగులో ఉంటుంది. బొటనవేలితో ఒకసారి నొక్కి వదిలితే ఆ చోటు తెల్లబడి రెండు సెకన్ల లోపే మళ్లీ రంగు తిరుగుతుంది. రెండు సెకన్లు దాటితే రక్తప్రసరణ తగ్గిందని అర్థం. చిగురు జిగటగా ఉంటే ఒంట్లో నీరు తగ్గింది. తెల్లగా పాలిపోతే రక్తం పోతోంది, లేదా కుక్క షాక్‌లోకి వెళుతోంది. ఇటుకరంగు ఎరుపు ఎండదెబ్బలోనూ, రక్తంలో విషపదార్థాలు చేరినప్పుడూ కనబడుతుంది. పసుపు తిరిగితే కామెర్లు. నల్లటి చిగుళ్లున్న కుక్కలో కింది కనురెప్ప లోపలి పొర చూస్తే సరిపోతుంది. రెండు భుజాల మధ్య చర్మాన్ని పట్టి పైకి లాగి వదలడం రెండో పరీక్ష. చర్మం వెంటనే కిందికి జారకుండా గుడారంలా నిలిచిపోతే ఒంటి బరువులో కనీసం 5 శాతం నీరు పోయినట్టు. అంతకంటే తక్కువ నష్టం పైకి కనిపించదు. 10 శాతం దాటితే కళ్లు లోపలికి పోతాయి, పాదాలు చల్లబడతాయి.

జ్వరం చెవి ముట్టుకుని చెప్పేది కాదు. మలద్వారంలో థర్మామీటరు పెట్టి చూస్తే 38 నుంచి 39.2 డిగ్రీల సెల్సియస్ మామూలు. పార్వో సోకిన పిల్లకు మొదట జ్వరం ఎక్కి, తర్వాత ఒళ్లు చల్లబడటం మంచి సూచన కాదు. ‘జ్వరం తగ్గిందిలే’ అని ఇంట్లోవాళ్లు ఊరట పడేది సరిగ్గా ఆ దశలోనే.

వాంతికీ, తిన్నది వెనక్కి జారిపడటానికీ తేడా ఉంది. వాంతికి ముందు పొట్ట కండరాలు బలంగా కదులుతాయి, నోట్లో నీరూరుతుంది, కక్కిన దాంట్లో పైత్యం ఉండవచ్చు. పొట్ట కదలకుండా, తల దించగానే అరగని తిండి పడిపోతే సమస్య అన్నవాహికలో ఉంది. మలంలో ఎర్రటి నెత్తురు పెద్దపేగు నుంచి వస్తుంది, లేదా చిన్నపేగు నుంచి అతివేగంగా దిగివస్తుంది. తారులా నల్లగా, జిగురుగా ఉంటే నెత్తురు జీర్ణాశయంలోనో చిన్నపేగు పైభాగంలోనో కారి అరిగి వచ్చింది. డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు కక్కిన దానికీ, మలానికీ ఫోన్‌లో ఫోటో తీసి పట్టుకెళితే పది ప్రశ్నలు తప్పుతాయి.

పార్వో

ఈ ప్రాంతంలో ‘కుక్కపిల్ల రక్తంతో బేదులు పోతోంది’ అంటే డాక్టరు ముందుగా అనుమానించేది పార్వోనే. ఈ వైరస్ వయసు పెద్దది కాదు. పిల్లుల్లో పేగు వ్యాధి కలిగించే వైరస్‌కు దగ్గరి బంధువైన ఒక వైరస్ మార్పు చెంది కుక్కలను పట్టుకుంది. 1978లో గుర్తించాక రెండేళ్లలోపే ప్రపంచమంతా పాకింది. మన దేశంలో తొలి నివేదికలు 1980ల మొదట్లో మద్రాసు నుంచి వచ్చాయి. మొదటి రకం స్థానంలో 2ఎ, 2బి రకాలు వచ్చాయి. 2000లో ఇటలీలో 2సి బయటపడింది. మన దేశంలో చాలాకాలం 2ఎ రకాలదే పైచేయి, 2సి కూడా నమోదైంది. ఇప్పుడున్న టీకాలు ఈ రకాలన్నిటి నుంచీ రక్షణ ఇస్తాయి. కుక్క పార్వో మనుషులకు సోకదు. మనుషుల పిల్లల్లో బుగ్గలు ఎర్రబడే జబ్బు తెచ్చే పార్వో వేరే వైరస్.

వేగంగా విభజన చెందే కణాలంటే ఈ వైరస్‌కు ఇష్టం. అందుకే అది చిన్నపేగు లోపొరను నిలబెట్టే మూలకణాలనూ, ఎముక మజ్జనూ ఏకకాలంలో దెబ్బతీస్తుంది. పేగు గోడ ఊడిపోయి నెత్తురు, నీరు బయటికి పోతాయి. పేగులోని బ్యాక్టీరియా రక్తంలోకి దూరుతుంది. వాటిని ఎదుర్కోవాల్సిన తెల్లకణాలు ఆ సమయంలోనే పడిపోయి ఉంటాయి. కుక్కపిల్లను చంపేది నేరుగా వైరస్ అనడం కంటే ఈ మూడూ ఒకేసారి జరగడం అనడం సరైనది. వైరస్ ఒంట్లో చేరిన 3 నుంచి 7 రోజులకు లక్షణాలు మొదలవుతాయి. మొదటి రోజు మందకొడితనం, తిండి మీద విముఖత, తర్వాత వాంతులు. విరేచనాలు ఒక రోజు ఆలస్యంగా రావడం మామూలే కాబట్టి ‘వాంతులే కదా’ అని ఊరుకోకూడదు. ఆరు వారాల నుంచి ఆరు నెలల లోపు పిల్లలకు ముప్పు ఎక్కువ. రాట్‌వైలర్, డాబర్‌మాన్, పిట్ బుల్, జర్మన్ షెపర్డ్ జాతుల్లో వ్యాధి మరింత ఉధృతంగా ఉంటుంది.

మలంలో వైరస్‌ను పట్టే చిన్న కిట్ పది, పదిహేను నిమిషాల్లో ఫలితం చెబుతుంది. రెండు గీతలు పడితే దాదాపు ఖాయం. ఒకే గీత పడిందని పార్వో కాదనుకోవడానికి వీల్లేదు. వైరస్ విసర్జన అప్పటికే తగ్గిపోయి ఉండవచ్చు. రక్తపరీక్షలో తెల్లకణాలు బాగా పడిపోయి ఉంటే అనుమానం బలపడుతుంది.

వైరస్‌ను చంపే మందు మార్కెట్లో మనకు అందుబాటులో లేదు. అమెరికాలో 2023లో ఒక మోనోక్లోనల్ యాంటీబాడీ ఇంజెక్షన్‌కు షరతులతో అనుమతి వచ్చింది. ఇక్కడ చికిత్స అంటే పేగు మళ్లీ మొలిచేదాకా ప్రాణం నిలబెట్టడం. అందులో సగం పని డ్రిప్‌దే. లెక్క చూద్దాం. పది కిలోల కుక్క 8 శాతం నీరు పోగొట్టుకుంటే లోటు 800 మిల్లీలీటర్లు. రోజువారీ అవసరం కిలోకు 60 మిల్లీలీటర్ల చొప్పున 600. వాంతులు, విరేచనాల్లో ఇంకా పోతున్నది దీనికి అదనం. అంటే మొదటి రోజే లీటరున్నర దాటుతుంది. అరలీటరు సీసా ఒకటి ఎక్కించి ‘డ్రిప్ పెట్టించాం, అయినా లాభం లేకపోయింది’ అనుకునే ఇళ్లలో మొదటి రోజు అవసరంలో మూడోవంతు కూడా తీరి ఉండదు. మామూలుగా వాడేది రింగర్ లాక్టేట్. తిండి లేని కుక్కలో పొటాషియం తగ్గుతుంది కాబట్టి దాన్ని కొలిచి కలుపుతారు. చిన్నపిల్లల్లో చక్కెర పడిపోతుంది కాబట్టి డెక్స్‌ట్రోజ్ కలుపుతారు.

మూడు కిలోల పిల్ల ఒళ్లు చల్లబడి టేబుల్ మీద పడి ఉంటే ముందుకాలి నరం దొరకదు. వెంట్రుకలు గీసి, స్పిరిట్ రాసి, రబ్బరు పట్టీ కట్టి రెండు మూడు చోట్ల ప్రయత్నించినా సూది జారిపోతుంది. అనుభవం ఉన్న డాక్టరు ఇక సమయం పోగొట్టడు. తొడ ఎముక పైకొసలో నేరుగా సూది దించి మజ్జలోకే ద్రవం ఎక్కిస్తాడు. చూసేవాళ్లకు అది భయంకరంగా ఉంటుంది, కానీ పది నిమిషాల్లో చిగురు రంగు తిరగడం కళ్లారా కనబడుతుంది. చర్మం కింద ఎక్కించే ద్రవం షాక్‌లో ఉన్న కుక్కకు పనికిరాదు. అక్కడ రక్తప్రసరణే లేనప్పుడు అది పీల్చుకోబడదు.

తర్వాతది యాంటీబయోటిక్, పేగు దాటొచ్చిన బ్యాక్టీరియా కోసం. వాంతులకు మారోపిటాంట్ గాని ఆండాన్సెట్రాన్ గాని ఇస్తారు. పేగులో పేగు చొచ్చుకుపోయిన అనుమానం ఉంటే మెటోక్లోప్రమైడ్ ఇవ్వకూడదు. పార్వో పిల్లల్లో ఈ చొచ్చుకుపోవడం అప్పుడప్పుడూ జరుగుతుంది, పొట్ట తడిమితే గొట్టంలా చేతికి తగులుతుంది. విరేచనాలు కట్టడానికి మనుషులు వేసుకునే లోపెరమైడ్ మాత్ర వేయకూడదు. పేగులో ఉన్న విషం లోపలే నిలిచిపోతుంది.

‘కడుపు మాడ్చాలి’ అన్న పాత పద్ధతిని వదిలేయాల్సిన కాలం వచ్చింది. 2003లో దక్షిణాఫ్రికాలో తీవ్ర పార్వో ఉన్న కుక్కలపై జరిగిన అధ్యయనంలో, ముక్కు గొట్టం ద్వారా తొందరగా తిండి మొదలుపెట్టిన కుక్కలు మాడ్చిన వాటికంటే ముందే కోలుకున్నాయి. పేగు తన ఆహారాన్ని చాలా వరకు లోపలి నుంచే తీసుకుంటుంది. వాంతులు అదుపులోకి రాగానే చెంచాడు చెంచాడుగా, మెత్తగా ఉడికించిన అన్నం, ఉప్పూకారం లేని కోడిమాంసం పులుసు ఇవ్వడం మేలు.

సరైన వైద్యం లేకపోతే పార్వో సోకిన పిల్లల్లో పదింట తొమ్మిది చనిపోతాయి. ఆసుపత్రిలో ఉంచి పూర్తి చికిత్స చేస్తే అదే నిష్పత్తిలో బతుకుతాయి. బళ్లారి లాంటి చోట చిక్కు ఇక్కడే. రాత్రంతా కుక్కను ఉంచుకుని చూసే ఏర్పాటు దొరకదు. పగలు డ్రిప్ ఎక్కించి, కాలికి కాన్యులా కట్టి ఇంటికి పంపిస్తారు, పొద్దున మళ్లీ తీసుకురావాలి. దీనికి ఒక ఆశ ఉంది. అమెరికాలో కొలరాడో స్టేట్ విశ్వవిద్యాలయం వాళ్లు 2017లో ప్రచురించిన అధ్యయనంలో, మొదట నరం ద్వారా షాక్ నుంచి తేల్చి, ఆ పైన చర్మం కింద ద్రవం, ఎక్కువ రోజులు పనిచేసే ఒక యాంటీబయోటిక్ ఇంజెక్షన్, రోజూ వాంతుల మందుతో నడిపించిన కుక్కల్లో 80 శాతం బతికాయి. ఆసుపత్రిలో ఉంచినవాటిలో 90 శాతం. రెంటి మధ్య తేడా ఉన్న మాట నిజం. అయితే ఆసుపత్రి లేదని చేతులెత్తేయడానికి ఆ తేడా చాలదు.

టీకా లెక్కలో జరిగే పొరపాట్లు

తల్లి పాలతో వచ్చిన రక్షణ కొన్ని వారాల్లో తగ్గిపోతుంది. తగ్గే దారిలో ఒక ఇరుకు కాలం వస్తుంది: వైరస్‌ను ఆపేంత బలం ఉండదు, కానీ టీకాను పనిచేయనివ్వనంత మాత్రం మిగిలి ఉంటుంది. ఆ కాలం ఏ పిల్లకు ఎప్పుడొస్తుందో చెప్పలేం కాబట్టి 6-8 వారాల వయసులో మొదలుపెట్టి, 2-4 వారాలకోసారి, పదహారో వారం దాటేదాకా టీకా వేయాలని అంతర్జాతీయ పశువైద్యుల మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఆరు నెలలకో ఏడాదికో మరొకటి. నలభై ఐదు రోజులకు ఒక్క సూది వేయించి ‘వ్యాక్సిన్ అయిపోయింది’ అని అమ్మేసిన పిల్లలే పార్వోకు ఎక్కువగా బలవుతాయి.

పిల్లను కొనేటప్పుడు టీకా కార్డులో సీసా మీది స్టిక్కర్ అంటించి ఉందో లేదో చూడాలి. బ్యాచ్ నంబరు, గడువు తేదీ, డాక్టరు సంతకం మూడూ ఉండాలి. పెన్నుతో రాసిన తేదీ ఒక్కటే ఉంటే ఆ టీకా పడలేదనే అనుకుని మళ్లీ మొదలుపెట్టడం మంచిది. ఇంకో మాట. ఈ టీకాను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. మే నెలలో మందుల షాపు నుంచి జేబులో వేసుకుని బైకు మీద తెచ్చిన సీసాలో ప్రాణం మిగులుతుందని నమ్మడం కష్టం. వీధికుక్కల సంతాన నియంత్రణ కార్యక్రమాల్లో రేబిస్ టీకా వేస్తారు, పార్వోకు వేయరు. కాబట్టి వీధిలో వైరస్ ఎప్పుడూ ఉంటుందనుకునే నడుచుకోవాలి. టీకాలు పూర్తయ్యేదాకా పిల్లను రోడ్డు మీద నేల ముట్టనివ్వకపోవడమే మేలు.

కడుపు మెలిక

పార్వో రోజుల్లో చంపుతుంది, ఇది గంటల్లో. ఛాతీ లోతుగా ఉండే పెద్ద జాతుల్లో, గ్రేట్ డేన్, జర్మన్ షెపర్డ్, డాబర్‌మాన్, సెయింట్ బెర్నార్డ్‌లలో, జీర్ణాశయం గాలితో ఉబ్బి తన చుట్టూ తాను తిరిగిపోతుంది. పైదారీ కిందిదారీ రెండూ మూసుకుంటాయి. ఉబ్బిన సంచి పెద్ద సిరలను నొక్కడంతో గుండెకు తిరిగొచ్చే రక్తం తగ్గుతుంది, జీర్ణాశయం గోడ కుళ్లడం మొదలవుతుంది. ముధోల్ కూడా లోతైన ఛాతీ ఉన్న జాతే. పైగా వేటకుక్కల ఒంట్లో కొవ్వు తక్కువ కాబట్టి థయోపెంటాల్ రకం మత్తుమందు నుంచి అవి తేరుకోవడానికి ఎక్కువ సేపు పడుతుంది. ఆ సంగతి డాక్టరుకు గుర్తుచేయడంలో మొహమాటం అక్కర్లేదు.

గుర్తు ఒక్కటి పట్టుకుంటే చాలు. కుక్క పదేపదే కక్కబోతుంది, ఏమీ రాదు, తెల్లటి నురగ మాత్రం వస్తుంది. నిలకడ లేకుండా తిరుగుతుంది, పొట్టవైపు తల తిప్పి చూసుకుంటుంది, ముందుకాళ్లు చాచి వెనక భాగం ఎత్తి నిలబడుతుంది. పక్కటెముకల వెనక వేలితో కొడితే తప్పెటలా మోగుతుంది. రాత్రి సంగటి ముద్ద పెద్దది తిని పడుకున్న కుక్క పన్నెండు గంటలకు ఇలా చేస్తే పొద్దున దాకా ఆగకూడదు. గ్యాస్ పొడి కలిపి తాగించకూడదు, మింగలేని కుక్క ఊపిరితిత్తుల్లోకి అది పోతుంది.

డాక్టరు ముక్కు నుంచి చివరి పక్కటెముక దాకా గొట్టం కొలిచి, ఆ మేర గుర్తు పెట్టి నోటి ద్వారా దించుతాడు. గొట్టం దిగకపోతే మోగే చోట వెడల్పాటి సూది గుచ్చి గాలి తీస్తాడు. అది ప్రాణం నిలబెట్టే పని మాత్రమే, మెలిక విప్పాలంటే ఆపరేషన్ కావాలి. విప్పాక జీర్ణాశయాన్ని పొట్టగోడకు కుట్టేస్తారు, లేకపోతే మళ్లీ తిరిగిపోతుంది. బళ్లారి నుంచి బెంగళూరు దాదాపు 300 కిలోమీటర్లు. గాలి తీయకుండా అంత దూరం బయలుదేరితే దారిలోనే అంతా అయిపోతుంది. గదగ్, తిరుపతి, ప్రొద్దుటూరు పశువైద్య కళాశాలలు మిగిలిన గమ్యాలు. ముందే ఊళ్లో ఎవరు శస్త్రచికిత్స చేస్తారో కనుక్కుని నంబరు గోడమీద రాసుకోవడం పెద్ద జాతి కుక్క ఉన్న ఇంటికి అవసరం.

మింగినవి

ఉగాది దాటి మామిడి వచ్చిందంటే టెంకలు మింగిన కుక్కలు వస్తాయి. మొక్కజొన్న కండెలు, గుడ్డ ముక్కలు, మాంసం వాసన ఉన్న ప్లాస్టిక్ కవర్లు మిగిలిన కాలాల్లో. ఉడికించిన ఎముక పెళుసుబారి మొనదేలుతుంది, పచ్చిదానికంటే అదే ప్రమాదం. పేగు పూర్తిగా మూసుకుంటే తిన్నదంతా కక్కేస్తుంది, మలం ఆగిపోతుంది, పొట్ట ముట్టుకుంటే మూలుగుతుంది. ఎముక, రాయి, ఇనుము ఎక్స్‌రేలో తెల్లగా కనబడతాయి. గుడ్డ, ప్లాస్టిక్ కనబడవు, వాటి ముందు నిలిచిన గాలిని బట్టి పోల్చుకోవాలి. అల్ట్రాసౌండ్ ఇక్కడ ఎక్కువ సాయం చేస్తుంది. నోట్లో గాని మలద్వారంలో గాని దారం కొస కనబడితే లాగకూడదు. రెండో కొస ఎక్కడో చిక్కుకుని ఉంటుంది, లాగితే పేగు కోసుకుపోతుంది.

వంటింటి నుంచి, పొలం నుంచి

బళ్లారిలో పొద్దున్నే దొరికే ఒగ్గరణె, మనవైపు ఉగ్గాని, ఉల్లిపాయ లేకుండా ఉండదు. కిలో బరువుకు 15 నుంచి 30 గ్రాముల ఉల్లి కుక్క ఎర్రకణాలను పగలగొట్టగలదు. పది కిలోల కుక్కకు రెండు మోస్తరు గడ్డలు చాలు. ద్రాక్ష, కిస్‌మిస్ మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. ఆ దోషం టార్టారిక్ ఆమ్లానిదని ఇటీవలి పరిశోధకుల అభిప్రాయం. చింతపండు తిన్న కుక్కల్లోనూ అదే తరహా మూత్రపిండాల వైఫల్యం 2022లో వెలువడిన పరిశోధనా పత్రంలో నమోదైంది. పులిహోర, పులుసన్నం మిగిలిందని కుక్కకు వేసే అలవాటును ఒకసారి ఆలోచించుకోవాలి. పండగ మర్నాడు కొవ్వు మాంసం, బిరియానీ మిగులు తిని వాంతులతో వచ్చే కుక్కల్లో కొన్నిటికి క్లోమం వాచి ఉంటుంది. మోకాళ్ల నొప్పికి ఇంట్లో ఉన్న డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ మాత్రలు కుంటుతున్న కుక్కకు ‘సగమే కదా’ అని వేస్తే జీర్ణాశయంలో పుండ్లు పడి నల్లటి మలం పోతుంది.

ఎలుకల మందుల్లో రెండు రకాల నడక వేరు. జింక్ ఫాస్ఫైడ్ తిన్న కుక్క కొద్దిసేపట్లోనే కక్కుతుంది, వాంతిలో వెల్లుల్లి వాసన వస్తుంది. కడుపులోని ఆమ్లంతో కలిసి అది ఫాస్ఫీన్ వాయువు విడుదల చేస్తుంది. ఏదైనా తినిపిస్తే ఆమ్లం ఊరి వాయువు ఇంకా పెరుగుతుంది. కారు అద్దాలు దించుకుని వెళ్లాలి, ఆ గాలి మనకూ విషమే. బ్రోమాడయొలోన్ బిళ్లలు తిన్న కుక్క మూడు నాలుగు రోజులు మామూలుగానే ఉండి తర్వాత రక్తం కారడం మొదలుపెడుతుంది. దీనికి విటమిన్ కె1 విరుగుడు, కొన్ని వారాల పాటు వాడాలి. మిరప చేలల్లో, పత్తి చేలల్లో కొట్టే ఆర్గానోఫాస్ఫేట్ మందులు సోకితే చొంగ, విరేచనాలు, కంటిపాప సూదిమొనంత అవడం, ఒళ్లు అదరడం కనబడతాయి. అట్రోపిన్ ఇంజెక్షన్ వెంటనే పడాలి. ఏ విషానికైనా ఉప్పునీళ్లు పోసి కక్కించే ప్రయత్నం వద్దు, ఆ ఉప్పే ప్రాణం తీసిన సందర్భాలున్నాయి. మందు డబ్బా, పొట్లం, చివరికి చిరిగిన లేబులైనా సరే వెంట తీసుకెళ్లాలి.

ఉదర వ్యాధిలా కనబడే ఇతర వ్యాధులు

కొంకిపురుగులు పిల్లల్లో రక్తం పీల్చి నల్లటి మలం తెప్పిస్తాయి. చిగురు తెల్లకాగితంలా ఉంటే రక్తం ఎక్కించాల్సి రావచ్చు. కుక్కకు మొదటిసారి రక్తం ఎక్కించేటప్పుడు తీవ్రమైన ప్రతిచర్య అరుదు కాబట్టి ఇంట్లో ఉన్న మరో ఆరోగ్యవంతమైన పెద్ద కుక్క రక్తం పనికొస్తుంది. పిడుదుల జ్వరంలో ప్లేట్‌లెట్లు పడి నెత్తుటి విరేచనాలు రావచ్చు. ఆపరేషన్ చేయించని ఆడకుక్క ఎదకు వచ్చిన కొన్ని వారాలకు నీళ్లు విపరీతంగా తాగుతూ వాంతులు చేసుకుంటే గర్భాశయంలో చీము చేరిందేమో చూడాలి. డిస్టెంపర్ కూడా వాంతులు, విరేచనాలతో మొదలై తర్వాత నరాలకు ఎక్కుతుంది. మధ్యాహ్నపు ఎండలో కట్టేసిన పగ్ గాని బుల్‌డాగ్ గాని నెత్తురు విరేచనాలు చేసుకుంటే అది ఎండదెబ్బ. తడిపి, ఫ్యాను కింద పెట్టి చల్లార్చిన తర్వాతే ఆసుపత్రికి బయలుదేరాలి.

వీటన్నిటిలో మనిషికి ప్రమాదమైంది ఒకటుంది. చొంగ కారుస్తూ, దవడ వేలాడదీసి, నీళ్లు మింగలేకపోతున్న కుక్కను చూసి గొంతులో ఎముక అడ్డం పడిందని నోట్లో చేయి పెట్టేవాళ్లు ఉన్నారు. మూగరకం రేబిస్ సరిగ్గా అలాగే కనబడుతుంది. గొంతు మారినా, ప్రవర్తన మారినా, టీకా చరిత్ర తెలియకపోయినా చేయి పెట్టకూడదు. చొంగ ఒంటి మీద గీసుకుపోయిన చోట పడితే పదిహేను నిమిషాలు సబ్బునీళ్లతో కడిగి అదేరోజు మనుషుల ఆసుపత్రికి వెళ్లాలి.

సరిహద్దుకు రెండువైపులా 1962 నంబరుకు ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం పలుకుతుంది. దాని ప్రధాన దృష్టి పాడిపశువుల మీదే. కుక్క విషయంలో సమీప పాలిక్లినిక్ ఏదో, ఏ డాక్టరు అందుబాటులో ఉన్నాడో తెలుసుకోవడానికైనా అడిగి చూడవచ్చు.

జబ్బు తగ్గాక

పార్వో నుంచి తేరుకున్న పిల్ల రెండు మూడు వారాల పాటు మలంలో వైరస్ వదులుతూనే ఉంటుంది. అన్ని రోజులూ ఇతర పిల్లలకు దూరంగా ఉంచాలి, మలాన్ని ఎప్పటికప్పుడు తీసేయాలి. స్పిరిట్, డెట్టాల్, చేతుల శానిటైజర్ ఈ వైరస్ ముందు పనిచేయవు. ఇంట్లో వాడే బ్లీచ్ ఒక వంతుకు ముప్పై వంతుల నీళ్లు కలిపి, ముందుగా మురికి కడిగేసిన బండల మీద పది నిమిషాలు నిలవనిస్తే చస్తుంది. మట్టి వాకిలి మీద, ఇసుక మీద బ్లీచ్ వృథా. అక్కడ వైరస్ నెలల తరబడి, నీడలోనైతే ఏడాది దాకా ఉండగలదు. పిల్ల చనిపోయిన ఇంట్లో ఆ బాధ కొద్దీ వారం తిరక్కుండానే మరో పిల్లను తెచ్చిపెట్టేవాళ్లుంటారు, రెండోదీ అలాగే పోతుంది. తేవాలనిపిస్తే పదహారు వారాల టీకాలన్నీ పూర్తయిన కుక్కను తెచ్చుకోవాలి. వ్యాధిని దాటిన కుక్కకు మాత్రం ఏళ్ల తరబడి, బహుశా జీవితాంతం, పార్వో భయం ఉండదు. అయినా మిగిలిన జబ్బుల టీకాలు దానికి మామూలుగానే వేయించాలి.